డాక్టర్లకూ తప్పని పరీక్ష

ఎం.బి.బి.యస్. పట్టా చేతికి వచ్చి, ఆపైన ఎం.డి. కూడా పూర్తయి, వీధి గుమ్మానికి పేరు చెక్కిన పలక తగిలించిన తరువాత ఇక ఆ మనిషికి పరీక్షలతో ఋణం తీరిపోయిందనే మనం అనుకుంటాం. కాని తీరలేదు. అమెరికాలో డాక్టరుగానో నర్సుగానో పనిచేసే బిడ్డలున్న తలిదండ్రులకు ఈ సంగతి కొంత తెలిసే వుంటుంది. ఆదివారం నాడు ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ అమ్మాయి, "ఈ నెలాఖరుకు నా ఎ.సి.ఎల్.ఎస్. గడువు తీరిపోతుందమ్మా, మళ్ళీ పరీక్షకు వెళ్ళాలి" అంటుంది. "ఇంత డాక్టరువయ్యావు, ఇంకా నీకు పరీక్షలేమిటే!" అని తల్లి నొచ్చుకుంటుంది. "ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే గదా, ఇంట్లో కూర్చుని రాసి పారెయ్యి" అని పక్కనుంచి తండ్రి సలహా ఇస్తాడు.

ఆ తండ్రి ఏదో మాటవరసకు అన్నాడు గాని, సరిగ్గా ఆ మాట మీదే వైద్యలోకంలో చాలా కాలంగా వాదం నడుస్తున్నది. ఆగిన గుండెను మళ్ళీ ఆడించే విద్యను కంప్యూటరు ముందు కూర్చుని తిరిగి పదును పెట్టుకోవచ్చునా, లేక మనిషి ఎదుట మనిషి నిలబడి చేసి చూపించవలసిందేనా?

ఎ.సి.ఎల్.ఎస్. అంటే అడ్వాన్స్‌డ్ కార్డియోవాస్క్యులర్ లైఫ్ సపోర్ట్. గుండె ఆగిపోయిన మనిషికి ఆసుపత్రిలో ఒక జట్టుగా ఏం చెయ్యాలో, ఏ వరుసలో చెయ్యాలో నేర్పే శిక్షణ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు ఇచ్చే కార్డు రెండేళ్ళే చెల్లుతుంది. రెండేళ్ళు నిండేలోగా మళ్ళీ పరీక్ష ఇచ్చి కార్డు మార్చుకోవాలి. అత్యవసర విభాగాలలో, ఇంటెన్సివ్ కేర్ గదులలో పనిచేసేవారికి ఇది లేనిదే అక్కడి ఆసుపత్రులు సాధారణంగా ఒప్పుకోవు. ఇక్కడ చదువుకుని అక్కడ రెసిడెన్సీలో చేరబోయే మన తెలుగు పిల్లలు కూడా చాలామంది విధుల్లోకి దిగేముందు ఈ కార్డు సంపాదించుకోవలసిందే.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. మన ఇళ్ళల్లో రెండిటినీ కలిపేసి మాట్లాడుకుంటాం. గుండెపోటులో గుండె కండరానికి రక్తం అందదు. మనిషి నొప్పితో బాధపడుతూ కూడా మాట్లాడుతూనే వుండవచ్చు. గుండె ఆగిపోతే మాట వుండదు, నాడి వుండదు, సరైన శ్వాస వుండదు. కొన్నిసార్లు గుండె పూర్తిగా ఆగకుండా, లయ తప్పి ఊరికే అదురుతూ వుంటుంది. రక్తాన్ని మాత్రం తొయ్యదు. అటువంటప్పుడు డిఫిబ్రిలేటరుతో విద్యుత్ షాక్ ఇస్తే లయ తిరిగి దారిలో పడవచ్చు. ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచిన ఒక్కొక్క నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున తగ్గిపోతుందని లెక్క. పది నిమిషాలు తటపటాయిస్తే ఇక మిగిలేదేమిటో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. (సినిమాలలో తెర మీది గీత సమంగా సాగిపోగానే షాక్ ఇవ్వడం, రోగి ఎగిరి లేవడం చూస్తాం. గీత అట్లా సమంగా పడిపోయినప్పుడు షాక్ పనికిరాదు. అప్పుడు ఛాతీ నొక్కడమూ, మందూ, కారణం వెతకడమూనే గతి.)

చెయ్యవలసిన పని కాగితం మీద చూస్తే చాలా సులువుగా కనిపిస్తుంది. పెద్దవారి ఛాతీని కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, 6 దాటకుండా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. మధ్యలో ఆపవలసి వస్తే పది సెకండ్లు మించరాదు. రెండు నిమిషాలకొకసారి నొక్కే మనిషి మారాలి. ఎంత బలశాలి అయినా ఆపాటికి చెయ్యి దిగిపోతుంది, దిగిపోయినట్టు తనకు తెలియదు కూడా. ఎడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము చొప్పున మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి ఇవ్వాలి. ఇదంతా చదివి అప్పజెప్పడం మా కాలేజీ కుర్రవాళ్ళకైనా ఒక్క పూట పని. అప్పజెప్పిన మనిషి చేతులు నిజంగా 5 సెంటీమీటర్లు దిగుతాయా అన్నదే ప్రశ్న.

ఈ విద్య పుట్టుకలోనే చేతుల కథ వుంది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ సంస్థలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఆయన వుండేవాడు. ఆయన డాక్టరు కాదు, విద్యుత్ ఇంజనీరు. షాక్ ఇచ్చే యంత్రం మీద ఆయన బృందం కుక్కలతో ప్రయోగాలు చేస్తుండగా, 1958లో నికర్‌బాకర్ అనే యువ ఇంజనీరు ఒక చిత్రం గమనించాడు. బరువైన ఎలక్ట్రోడ్లను ఛాతీకి గట్టిగా ఒత్తినప్పుడల్లా కుక్క రక్తపు పీడనం కాస్త పైకి లేస్తున్నది. ఛాతీ కోయకుండానే, బయటినుంచి నొక్కి గుండె చేత పని చేయించవచ్చునన్న మాట! జేమ్స్ జూడ్ అనే శస్త్రవైద్యుడు వారితో కలిశాడు. 1960 జూలైలో ముగ్గురూ కలిసి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆ పద్ధతిని ప్రకటించారు. దీనికి పనిముట్లేవీ అక్కరలేదు, రెండు చేతులుంటే చాలునన్నది ఆ వ్యాసం సారాంశం. నోటితో ఊపిరి ఊదే పద్ధతిని పీటర్ సఫార్ మొదలైన వైద్యులు అంతకు కొంచెం ముందే నిలబెట్టి వున్నారు. రెండూ కలిసి నేటి సి.పి.ఆర్. అయింది.

నేర్పడం ఎట్లా? బతికి వున్న మనిషి ఛాతీని అంత లోతుకు నొక్కితే ఎముకలు విరుగుతాయి. ఈ చిక్కు విప్పినవాడు నార్వేలో స్టావాంగర్ అనే ఊళ్ళో పిల్లల బొమ్మలు చేసి అమ్ముకునే అస్మండ్ లేర్డాల్. మెత్తని ప్లాస్టిక్కుతో బొమ్మలు పోయడం ఆయన వృత్తి. నీళ్ళలో పడి ప్రాణం పోబోయిన తన రెండేళ్ళ కొడుకును ఆయన స్వయంగా కాపాడుకున్నాడు కూడా. బొమ్మ కావాలని వైద్యులు వచ్చి అడిగినప్పుడు ఆ సంగతి ఆయన మనసులో మెదలకుండా వుంటుందా! 1960లో నిలువెత్తు బొమ్మ తయారైంది. దానికి పెట్టిన ముఖం, పారిస్‌లో సేన్ నదిలో దొరికిందని చెప్పుకునే ఒక అనామక యువతి ముఖపు అచ్చు. ఆ అమ్మాయి ఎవరో ఎవరికీ తెలియదు. సఫార్ సలహా మీద బొమ్మ ఛాతీలో స్ప్రింగు కూడా అమర్చారు. అప్పటినుంచీ ప్రపంచమంతటా ఎన్ని లక్షల చేతులు ఆ బొమ్మ గుండె మీద ఆనాయో చెప్పలేము.

1974లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు ఈ పనికి ప్రమాణాలు అచ్చువేయించారు. ఆ దశకంలోనే వైద్యుల కోసం ఎ.సి.ఎల్.ఎస్. శిక్షణ రూపు కట్టింది. పాఠం, బొమ్మ, పరీక్ష, కార్డు—అన్నీ ఒక గదిలోనే నడిచేవి.

కంప్యూటరు వచ్చాక ఆ గది గోడలు సడలినాయి. ఇందులో డాక్టర్ల ఫిర్యాదు కొట్టివేయదగినది కాదు. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా శిక్షణకు పరుగెత్తాలి. సెలవు దొరకదు. రుసుము సొంత జేబులోంచి పోతుంది. పదేళ్ళుగా రోజూ ఇదే పని చేస్తున్నవాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ మొదటి పాఠం చెబితే ఎవరికైనా విసుగే. అదే పాఠాన్ని ఇంట్లో, తీరిక వేళ, తెలిసినది దాటవేసి తెలియనిదాని దగ్గర ఆగి చదువుకోవచ్చునంటే ఎవరు కాదంటారు? 2020లో కరోనా వచ్చి మనిషి పక్కన మనిషి నిలబడడమే ప్రమాదమైనప్పుడు శిక్షణ గదులు మూతపడ్డాయి. కార్డుల గడువులు పొడిగించవలసి వచ్చింది. ఆన్‌లైన్ పాఠానికి అప్పుడు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది.

ఆ గిరాకీతో పాటు అంగళ్ళూ పెరిగాయి. కొన్ని ప్రశ్నలకు జవాబులు నొక్కితే గంటలో సర్టిఫికేటు అచ్చువేసుకోవచ్చునని ప్రకటించే సంస్థలు కొల్లలు. పేర్లు మాత్రం అసలు సంస్థ పేరును తలపించేటట్టే వుంటాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు ఈ విషయంలో నిక్కచ్చిగా వున్నారు. వారికీ హార్ట్‌కోడ్ అనే ఆన్‌లైన్ పాఠం వుంది. కాని దానితోనే కార్డు రాదు. పాఠం ముగించినవారు తరువాత బొమ్మ ముందు నిలబడి చేతిపని చేసి చూపించాలి. ఇంటి నుంచి కాలు కదపకుండా పూర్తయ్యే ఎ.సి.ఎల్.ఎస్. వారి దగ్గర లేదు. మన పిల్లలు డబ్బు కట్టేముందు ఈ ఒక్క సంగతి చూసుకుంటే చాలు.

మరి సగం ఇంట్లో, సగం గదిలో అయితే నష్టమేమైనా వుందా? దీనికి ఊహలతో పనిలేదు, లెక్కే వుంది. బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ 31 కేంద్రాలలో 3,732 మంది వైద్య సిబ్బందిని రెండు జట్లుగా చేసి పరీక్షించారు. ఒక జట్టుకు మామూలు రెండు రోజుల శిక్షణ. రెండో జట్టుకు కంప్యూటరు పాఠమూ, ఒక్కరోజు గదిలో శిక్షణా. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. గుండె ఆగినట్టు సన్నివేశం కల్పించి పెట్టిన పరీక్షలో, మొదటి విడతలోనే గట్టెక్కినవారు మామూలు జట్టులో నూటికి 80.2 మంది, కంప్యూటరు జట్టులో 74.5 మంది. తప్పినవారికి మళ్ళీ నేర్పి మళ్ళీ పరీక్షిస్తే రెండు జట్లూ దాదాపు సమానమయ్యాయి. ఖర్చు మాత్రం మనిషికి 935 డాలర్ల నుంచి 438కి దిగింది.

ఈ లెక్కను ఇరుపక్షాలవారూ తమ వైపు లాక్కున్నారు. సగానికి సగం ఖర్చు తగ్గి, చివరికి ఫలితం ఒకటే అయినప్పుడు ఇంకేం కావాలని ఒకరు. ఆ ఆరుగురి తేడా ఎక్కడ వచ్చిందో చూడండని మరొకరు. నాకు రెండో మాటే పట్టుకున్నది. తెలివిని పరీక్షించినప్పుడు తేడా లేదు. నలుగురూ కలిసి పనిచేసే సన్నివేశంలో తేడా వచ్చింది. అదీగాక, కంప్యూటరు జట్టు వారు కూడా ఒక రోజంతా గదిలో గడిపినవారేనన్నది మరచిపోకూడదు.

ఆ గదిలో అంతగా ఏం జరుగుతుందో చూద్దామని ఆమధ్య హైదరాబాదులో అటువంటి శిక్షణ జరుగుతుంటే అనుమతి తీసుకుని ఒక మూల కూర్చున్నాను. మధ్యలో బల్ల మీద బొమ్మ. చుట్టూ ఆరుగురు. ఒకరు నాయకుడు, ఒకరు ఛాతీ నొక్కాలి, ఒకరు గాలి పట్టాలి, ఒకరు మందు, ఒకరు డిఫిబ్రిలేటరు, ఇంకొకరు గడియారం చూసి రాసుకోవాలి. శిక్షకుడు గోడకు ఆనుకుని, చేతిలోని చిన్న తెర మీద వేలు కదుపుతాడు. వెంటనే మానిటరులో గుండె లయ మారిపోతుంది. ఇక గదిలో హడావిడి!

ఛాతీ నొక్కుతున్నది తల నెరసిన ఒక డాక్టరుగారు. రాతపరీక్షలో ఆయనకే అందరికంటె ఎక్కువ మార్కులని తరువాత తెలిసింది. ఒక నిమిషం దాటేసరికి ఆయన చేతులు తేలిపోతున్నాయి. బొమ్మకు తగిలించిన యంత్రంలో పచ్చదీపం పోయి పసుపుదీపం వెలిగింది. అందరికీ కనిపిస్తున్నది, ఎవరూ పెదవి విప్పరు. ఆయన పెద్దవారు గదా! చివరికి గాలి సంచి పట్టుకున్న నర్సమ్మాయి, ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, నేల చూపులు చూస్తూ "సార్... ఇంకొంచెం లోతుగా నొక్కాలండి" అన్నది. ఆయన ఆశ్చర్యంగా తల ఎత్తాడు. ఒక క్షణం ఆగి, "అవునమ్మా, చెయ్యి దిగిపోయింది, నువ్వు రా" అని పక్కకు తప్పుకున్నాడు.

శిక్షకుడు అప్పుడేమీ మాట్లాడలేదు. సన్నివేశం ముగిశాక అందరినీ కూర్చోబెట్టి, "దీపం పసుపు అయిన తరువాత ఆ మాట రావడానికి నలభై సెకండ్లు పట్టింది. ఎందుకని?" అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్న మీద అరగంట చర్చ నడిచింది. నేను చూసినంతవరకు ఆ రోజు అసలు పాఠం అదే. మన ఆసుపత్రులలో డాక్టరుకు నర్సు తప్పు చెప్పడమంటే సామాన్యం కాదు. ఆజ్ఞ ఇచ్చినవారి మాటను విన్నవారు తిరిగి పైకి చెప్పాలనీ, పని అయిన తరువాత అయిందని మళ్ళీ చెప్పాలనీ, తప్పు కనిపిస్తే చిన్నవారైనా నోరు విప్పాలనీ కంప్యూటరు కూడా బోధిస్తుంది. అది బోధించినప్పుడు అందరూ తల వూపుతారు. ఎదురుగా నెరసిన తల వున్నప్పుడు గొంతు పెగలడం వేరే సంగతి.

అట్లాగని గదిలో జరిగినదల్లా గొప్పదని నేననను. నలభై మందిని ఒక బొమ్మ చుట్టూ నిలబెట్టి, ఒక్కొక్కరికి అరనిమిషం ఇచ్చి, మధ్యాహ్నం భోజనం పెట్టి, సాయంత్రానికి అందరినీ ఉత్తీర్ణులను చేసి పంపే శిక్షణలు కూడా వున్నాయి. అది పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చినట్టే. శిక్షకుడి కన్ను కూడా నమ్మదగినది కాదని పరిశోధనలు చెబుతున్నాయి: నొక్కు లోతును కంటితో అంచనా కట్టడంలో అనుభవజ్ఞులే పొరపడుతున్నారు. అందుకే 2019 జనవరి 31 నుంచి పెద్దల సి.పి.ఆర్. నేర్పే తమ శిక్షణలలో లోతునూ వేగాన్నీ కొలిచి చెప్పే యంత్రం తప్పనిసరి అని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు నియమం పెట్టారు. ఇంకా చిత్రం, హార్ట్‌కోడ్ చదివినవారు కొన్నిచోట్ల శిక్షకుడే లేకుండా, గొంతుతో తప్పులు దిద్దే బొమ్మ ముందు చేతిపరీక్ష ఇవ్వవచ్చు. అక్కడ మనిషి లేడు గాని శరీరం వుంది. ఛాతీ నొక్కడం వరకు దానితో నాకు పేచీ లేదు. బొమ్మకు మొహమాటం వుండదు. నలుగురిలో నోరు విప్పడం మాత్రం అది నేర్పలేదు.

నిజానికి ఇంట్లోనా గదిలోనా అన్న పోట్లాటలో అంతకంటె ముఖ్యమైన ప్రశ్న అడుగునపడిపోతున్నది. ఎక్కడ నేర్చుకున్నా ఆ నేర్పు రెండేళ్ళు నిలుస్తుందా? నిలవదు. కొన్ని నెలలలోనే జారడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి చాలామంది చేతులు మళ్ళీ మొదటికి వస్తాయి. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో వైద్య సిబ్బందిని నాలుగు జట్లు చేసి నెలకొకసారి, మూడు నెలలకొకసారి, ఆరు నెలలకొకసారి, ఏడాదికొకసారి కొద్ది నిమిషాల అభ్యాసం చేయించారు. చివరకు ఉత్తమంగా సి.పి.ఆర్. చేసినవారు నెలజట్టులో నూటికి 58 మంది అయితే, ఏడాది జట్టులో 15 మందే. సంగీతం నేర్చుకునే పిల్లను వీణ ముందు రెండేళ్ళకొకసారి రెండు రోజులు కూర్చోబెడతామా? అభ్యాసం కూసువిద్య అని మన పెద్దలు అన్నది ఊరికే కాదు.

ఇది గ్రహించే అమెరికాలో కొన్ని ఆసుపత్రులు మరో దారి పట్టాయి. బొమ్మను ఒక బండి మీద పెట్టి వార్డులోనే వుంచుతారు. మూడు నెలలకొకసారి డ్యూటీలోనే కాసింత వ్యవధి చూసుకుని నర్సు వస్తుంది, తెర మీద పాఠం చూస్తుంది, బొమ్మ ఛాతీ నొక్కుతుంది, యంత్రం చెప్పిన మార్కు చూసుకుని తిరిగి రోగి దగ్గరకు పోతుంది. తెరా బొమ్మా రెండూ అక్కడే వున్నాయి. సెలవూ అక్కరలేదు, ప్రయాణమూ అక్కరలేదు.

ఇక మన సంగతి. మన దేశంలో మత్తువైద్యుల సంఘం వారు 2017లో మన పరిస్థితులకు సరిపోయే మార్గదర్శకాలను మూడు అంచెలుగా ప్రకటించారు: సామాన్యులకు ఛాతీ నొక్కడం మాత్రమే వుండే పద్ధతి, ఆసుపత్రి బయట పనిచేసే శిక్షితులకు ఒకటి, ఆసుపత్రి లోపల వైద్య సిబ్బందికి మరొకటి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ఇప్పుడు ఎన్నో రాష్ట్రాలలో నడుస్తున్నది. కనుక ఈ విద్య మనకు పరాయిది కాదు. చిక్కల్లా దూరమే. శిక్షకులూ బొమ్మలూ పెద్ద నగరాలలో వుంటాయి. చిన్న ఊళ్ళో, ఇరవై పడకల నర్సింగ్ హోములో, అర్ధరాత్రి రెండు గంటలకు రోగి గుండె ఆగితే మొదట అక్కడ వుండేది ఒక నర్సు. డాక్టరుగారు ఇంటినుంచి వచ్చేలోగా గడిచే నిమిషాలన్నీ ఆమె చేతులలోనే వుంటాయి. ఆ అమ్మాయిని రెండేళ్ళకొకసారి రెండు రోజులు హైదరాబాదుకో విశాఖపట్నానికో పంపే యాజమాన్యాలు ఎన్ని?

అటువంటి అమ్మాయికి ఆన్‌లైన్ పాఠం చేసే మేలు నగరంలోని డాక్టరుకు చేసే మేలుకంటె ఎక్కువ. నేను చూసిన గదిలో పాఠమంతా ఇంగ్లీషులోనే, అదీ గబగబా సాగింది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు రాసుకోవడం మానేసి పక్కవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నారు. ఫోనులో పాఠమైతే ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పి వినవచ్చు, అర్థం కాలేదని ఎవరి ముందూ తలవంచుకోనక్కరలేదు. అదే పాఠం తెలుగులో వుంటే ఇంకా మేలు. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి కాబట్టి ఈ మాట అంటున్నాననుకున్నా సరే. ఆ తరువాత బొమ్మనూ శిక్షకుణ్ణీ ఒక వ్యానులో ఎక్కించి జిల్లాలో ఊరూరికీ ఒక్క పూట పంపితే, పది నర్సింగ్ హోముల వాళ్ళు ఒకచోట చేరి నొక్కి చూసుకుంటారు. పశువులకు టీకాలు వేయడానికి ఊళ్ళోకి వ్యాను వస్తున్నది గదా, దీనికి మాత్రం ఎందుకు రాకూడదు?